అరిగిన ట్రాక్టరు ఇంజను: కొలత చూడకుండా రింగులు మార్చొద్దు

రోహిణి కార్తె వచ్చిందంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల్లో లేతు షాపుల ముందు పాత ట్రాక్టర్లు వరుస కడతాయి. తొలకరి పడేలోపు బండి నడవాలి. చెల్కలు దున్నాలి, పత్తి గింజ పెట్టాలి. ఆ తొందరలో మెకానిక్ ఏమంటే అదే ఖాయం చేసుకుని రైతు పైసలు కట్టేస్తాడు. నెల తిరగక ముందే మళ్లీ అదే పొగ, అదే మొరాయింపు. ఇది ఒక్క ఊరి కథ కాదు.

మా బావమరిదికి నడిగడ్డలో మూడెకరాలుంది. సొంత పొలానికి, నాలుగిళ్ల కిరాయి దుక్కులకు పనికొస్తుందని పాత ట్రాక్టరు ఒకటి తీసుకున్నాడు. రెండేళ్ల కిందట వానాకాలం ముందర ఇంజను నీలిపొగ కక్కడం మొదలుపెట్టింది. మెకానిక్ హెడ్ విప్పి కొత్త రింగులు వేసి బిగించాడు. ఇరవై రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత పాత పొగే వచ్చింది, పైగా టకటకమని చప్పుడు తోడైంది. ‘‘రింగులేస్తే సరిపోతదన్నరు బావా. ఇప్పుడేమో బోరే పోయిందంటున్నరు. మొదలే ఆ ముక్క చెప్తే ఒక్కపారి ఖర్చుతో పోతుండె కదా’’ అని నెత్తి పట్టుకున్నాడు.

అతనడిగింది న్యాయమైన మాట. మొదటిసారి విప్పినప్పుడే బోరు కొలిచి ఉంటే రెండోసారి విప్పే పని ఉండేది కాదు. ఇక్కడ బోరంటే నీళ్ల బోరు కాదు, పిస్టన్ ఆడే సిలిండరు గొట్టం. అరిగిన ఇంజనును బాగు చేసుకోవడం కష్టం కాదు. ఏది ఎంత అరిగిందో కొలిచి, అరిగిందే మార్చాలి. ఆ కొలతలేమిటో, మెకానిక్‌ను ఏమడగాలో రైతు తెలుసుకుంటే చాలు.

ఇంజను ఎందుకు అరుగుతుంది?

పిస్టన్ నిమిషానికి వందల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. దాని చుట్టూ ఉన్న రింగులు సిలిండరు గోడకు ఒత్తుకుని ఉంటాయి. పైన మండే గ్యాసు కిందికి జారకుండా, కిందనున్న ఆయిలు పైకెక్కకుండా కాపలా కాసేవి ఈ రింగులే. మధ్యలో పలుచని ఆయిలు పొర ఉన్నంతసేపూ ఇనుముకు ఇనుము తగలదు. ఆ పొరలోకి దుమ్ము చేరిందా, ఆకురాయితో రుద్దినట్టే.

మన ఎర్ర చెల్కల్లో ఇసుక పాలు ఎక్కువ. ఇసుక రేణువు పోత ఇనుము కన్నా గట్టిది. వేసవి దుక్కుల్లో, రోటవేటరు తిప్పేటప్పుడు లేచే దుమ్ములో ఈ రేణువులే ఉంటాయి. ఎయిర్ క్లీనరు సరిగా లేకపోతే గాలితో పాటు నేరుగా సిలిండరులోకి పోతాయి.

సిలిండరు అంతటా ఒకే తీరున అరగదు. పై రింగు ఆగి వెనక్కి తిరిగే చోట వేడి, ఒత్తిడి ఎక్కువ, ఆయిలు తక్కువ. అందుకే అరుగుడు అక్కడ ఎక్కువ. ఆ పైన రింగు తగలని అంచు అరగకుండా మిగిలి గట్టులా నిలుస్తుంది. వేలి గోరు పెట్టి కిందినుంచి పైకి గీస్తే ఆ గట్టు తగులుతుంది. ఇంకో సంగతి, పిస్టన్ ఒక పక్కకు ఎక్కువ ఒరుగుతుంది కనుక గుండ్రని గొట్టం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. గుండ్రని కొత్త రింగును కోడిగుడ్డు లాంటి బోరులో వేస్తే ఆనుతుందా? పైన గట్టు అలాగే ఉంటే కొత్త రింగు అంచు పోయి దానికే కొట్టుకుంటుంది. ఆ దెబ్బకు రింగు విరగొచ్చు. మా బావమరిది బండిలో జరిగింది ఇదే.

విప్పక ముందు చూసుకోవాల్సినవి

పొగ రాగానే ఇంజను పోయిందని బెదిరిపోవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ముందుగా పొగ రంగు చూడాలి.

నల్లపొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. ఎయిర్ క్లీనరు, నాజిల్, పంపు చూడాలి. తెల్లపొగ వస్తే డీజిలు సరిగా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి. నీలిపొగ వస్తే ఆయిలు మండుతోంది. రింగులు, బోరు లేదా వాల్వు గైడ్లు అరిగాయన్నమాట.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత జాగ్రత్తగా తీసి చూడండి. కొద్దిగా ఆవిరి వస్తే ఫరవాలేదు. కుంపటి ఊదినట్టు ఉఫ్ ఉఫ్‌మని పొగ తంతుంటే గ్యాసు రింగులు దాటి కిందికి దిగుతున్నట్టు లెక్క. ఆయిలు గేజి పుల్ల తీసి వాసన చూడండి. డీజిలు వాసన కొట్టి, ఆయిలు పలుచబడి, మట్టం పెరిగి ఉంటే నాజిల్ కారుతోందేమో, పంపు నుంచి లోపలికి దిగుతోందేమో చూడాలి. ఆయిలు మజ్జిగలా తెల్లబారితే నీళ్లు కలిశాయని అర్థం. అలాంటప్పుడు ఇంజను ఒక్క నిమిషం కూడా నడపొద్దు.

నాజిల్ పరీక్ష చేయించడం, వాల్వుల టాపెట్ గ్యాపు సరిచేయడం తక్కువ ఖర్చు పనులు. కొన్ని ఇంజన్లు వీటితోనే దారికొస్తాయి. నాజిల్ పరీక్షించేటప్పుడు చిమ్మే డీజిలుకు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. అదే జరిగితే గాయం చిన్నగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బోరు కొలిచే పద్ధతి

హెడ్ విప్పి పిస్టన్లు బయటికి తీశాక లేతు షాపువాళ్లు బోరు గేజితో కొలుస్తారు. ప్రతి సిలిండరుకు పైన, నడుమ, కింద మూడు చోట్ల కొలవాలి. ఒక్కో చోట నిలువుకొకటి, అడ్డానికొకటి రెండు కొలతలు తీయాలి. అంటే సిలిండరుకు ఆరు కొలతలు. మూడు సిలిండర్ల ఇంజనుకు పద్దెనిమిది. ఇవన్నీ కాగితం మీద రాసివ్వమని అడగండి. ఇది మొహమాటపడే సంగతి కాదు.

గేజి దొరకని చోట ఇంకో ఉపాయముంది. ఒక కొత్త రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమానంగా కూర్చోబెట్టాలి. రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. మొదట కింద, అంటే రింగులు తిరగని చోట కొలవాలి. తర్వాత పైన గట్టు కిందుగా కొలవాలి. రెండింటి తేడాను 3.14తో భాగిస్తే బోరు ఎంత వెడల్పయిందో తెలుస్తుంది.

ఉదాహరణకు కింద సందు 0.45 మిల్లీమీటర్లు, పైన 1.05 వచ్చిందనుకుందాం. తేడా 0.60. దాన్ని 3.14తో భాగిస్తే దాదాపు 0.19 మిల్లీమీటర్లు. కంటికి ఇది చాలా చిన్న తేడాగా అనిపించొచ్చు. ఇంజను లెక్కలో మాత్రం పెద్ద అరుగుడే. ఇంత అరిగిన బోరులో రింగులు మాత్రమే మార్చడం డబ్బు దండగ. అయితే ఈ ఉపాయం బోరు కోడిగుడ్డులా తిరిగిందా లేదా చెప్పదు. దానికి గేజి ఉండాల్సిందే. ఎంతవరకు అరిగితే సరిపెట్టుకోవచ్చో ఒక్కో కంపెనీ ఒక్కో హద్దు పెడుతుంది. అది మీ మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

పిస్టన్ గాడులనూ మరవొద్దు. కొత్త రింగును గాడిలో పెట్టి పక్కన ఫీలర్ గేజి దూర్చి చూడాలి. పై గాడిలో సందు సుమారు 0.15 మిల్లీమీటర్లు దాటితే పిస్టన్ కూడా మార్చాలి. లేకుంటే రింగు గాడిలో ఎగిరెగిరి పడుతూ ఆయిలును పైకి తోడుతూనే ఉంటుంది.

రింగులా, బోరా, స్లీవులా?

అరుగుడు హద్దులోపే ఉంటే గట్టు తీయించి, గోడకు సన్నని గీతలు పడేలా హోనింగ్ చేయించి కొత్త రింగులు వేసుకోవచ్చు. ఈ గీతలు ఒకదానికొకటి అడ్డంగా, జల్లెడ అల్లినట్టుండాలి. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే. గోడ అద్దంలా మెరుస్తుంటే కొత్త రింగు కుదురుకోదు.

హద్దు దాటితే బోరింగ్ చేయించాలి. బోరును కాస్త పెద్దది చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్, పెద్ద రింగులు వేస్తారు. ఇవి 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్ల వరుసలో వస్తాయి. మెకానిక్కులు వీటినే పది, ఇరవై, ముప్పై సైజులంటారు. అది అంగుళంలో వెయ్యో వంతు లెక్క. ముందు పిస్టన్లు కొని తెచ్చి, వాటిని కొలిచి, ఆ తర్వాతే బోరు కొట్టించాలి. ముందే బోరు కొట్టేసి తర్వాత పిస్టన్ వెతుక్కోవడం తలకిందుల పని.

చాలా ఇంజన్లలో బ్లాకు లోపల విడిగా స్లీవు ఉంటుంది. ఇందులో రెండు రకాలు. డ్రై స్లీవు బ్లాకులో బిగుతుగా ఒదిగి ఉంటుంది, నీళ్లు తగలవు. దీన్ని ప్రెస్సు మీద తీసి కొత్తది ఎక్కించాలి. చాలా మోడళ్లలో ఆ తర్వాత సైజుకు బోరు కూడా కొట్టాలి. వెట్ స్లీవు బయటి గోడకు రేడియేటరు నీళ్లు నేరుగా తగులుతాయి. దీన్ని బయటికి లాగి కొత్తది దింపితే చాలు, బోరింగు అక్కర్లేదు. మీ బండిది ఏ రకమో ముందే అడిగి తెలుసుకోండి. ఖర్చు దాన్నిబట్టి మారుతుంది.

స్పోర్ట్స్ కారుకూ ట్రాక్టరుకూ చుట్టరికం

వెట్ స్లీవు సుగుణం తెలియాలంటే ఇంగ్లండు ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన టీఈ20 ట్రాక్టరును 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ తయారుచేసింది. అయిదు లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. 1947 నుంచి దానికి స్టాండర్డ్ కంపెనీ తన వెట్ స్లీవుల ఇంజనును పెట్టింది. అదే కుటుంబపు ఇంజను వాన్‌గార్డ్ కారులో నడిచింది. 1953లో వచ్చిన ట్రయంఫ్ టీఆర్2 అనే పందెపు రకం స్పోర్ట్స్ కారులోనూ అదే కుటుంబం ఇంజను.

పిస్టన్ నడక అన్నింటిలోనూ 92 మిల్లీమీటర్లే. స్లీవు బోరు మాత్రం మార్చారు. తొలి ట్రాక్టరుకు 80, వాన్‌గార్డ్‌కు 85, టీఆర్2కు 83, తర్వాతి టీఆర్4కు 86 మిల్లీమీటర్లు. దున్నే బండికీ, దూసుకుపోయే కారుకూ ఇంజను వంశం ఒకటే కావడం వెట్ స్లీవు చలవే. ఆ కార్లను ఇప్పటికీ అపురూపంగా దాచుకునేవాళ్లు స్లీవులు, పిస్టన్లు, బేరింగులు మార్చుకుంటూ నడుపుతున్నారు. డెబ్భై ఏళ్లనాటి కారు ఇంజను నేటికీ నడుస్తుంటే మన పాత ట్రాక్టరు ఎందుకు నడవదు?

ఆ ఫెర్గూసన్ కంపెనీ 1953లో మాసీ హ్యారిస్‌తో కలిసింది. అదే తర్వాత మాసీ ఫెర్గూసన్ అయింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ ద్వారా ఆ ట్రాక్టర్లు మన పల్లెలకు చేరాయి. వాటిలో చాలావాటికి మద్రాసు సింప్సన్ కంపెనీ ఇంజన్లుండేవి. వాటి మూలం ఇంగ్లండులోని పెర్కిన్స్ డిజైను.

వెట్ స్లీవు వేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కింది రబ్బరు రింగులు కొత్తవే వేయాలి, అవి కూర్చునే చోటు తుప్పు లేకుండా గీకి శుభ్రం చేయాలి. స్లీవు పై అంచు బ్లాకు మట్టం కన్నా కంపెనీ చెప్పినంత పైకి ఉండాలి. ఎత్తు తగ్గితే గ్యాస్కెట్ పట్టదు, నీళ్లు కారతాయి. అన్ని స్లీవుల ఎత్తూ సమానంగా ఉండాలి.

క్రాంకు, బేరింగుల సంగతి

ఇంజను వేడెక్కాక ఆయిలు ప్రెషరు బాగా పడిపోతుంటే, బరువు లాగేటప్పుడు కింద నుంచి దబదబమని చప్పుడొస్తుంటే బేరింగులు చూడాలి. బేరింగు రేకు బూడిద రంగు పొర పోయి రాగి రంగు తేలితే దాని ఆయువు తీరినట్టే. క్రాంకు మీద గోరుకు తగిలే గీతలుంటే, మైక్రోమీటరుకు కోడిగుడ్డు ఆకారం దొరికితే గ్రైండింగ్ చేయించాలి. క్రాంకు ఎంత సన్నబడితే బేరింగు అంత మందంది వేయాలి. ఇదీ 0.25 వరుసలోనే సాగుతుంది.

కొందరు బేరింగు వదులైందని క్యాపును ఆకురాయితో రుద్ది బిగిస్తారు, రేకు వెనక కాగితం పెడతారు. దీనికి ఒప్పుకోవద్దు. బేరింగు పట్టేసి క్రాంకే పాడయ్యే ప్రమాదముంది. కనెక్టింగ్ రాడ్డు క్యాపులు ఒకదానిది ఇంకొకదానికి మార్చకూడదు. విప్పేటప్పుడే నెంబర్లు చూసుకోవాలి.

హెడ్ విషయానికొస్తే వాల్వులు, సీట్లు గ్రైండింగ్ చేయించాలి, గైడ్ల వదులు చూడాలి. హెడ్ వంకర పోయిందేమో ఇనుప స్కేలు ఆనించి ఫీలర్ గేజితో చూడాలి. నట్లు టార్క్ రెంచితో, నడుమ నుంచి అంచులకు, రెండు మూడు దఫాలుగా బిగించాలి.

బిగించే ముందు కడుగుడు

చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే. బోరింగు, హోనింగు చేశాక గీతల్లో రాతి పొడి మిగిలి ఉంటుంది. డీజిలుతో తుడిస్తే అది పూర్తిగా పోదు. వేడినీళ్లు, సబ్బుపొడి వేసి బ్రష్షుతో రుద్ది కడగాలి. తెల్లగుడ్డతో తుడిస్తే మరక పడనంతవరకు కడగాలి. వెంటనే ఆరబెట్టి ఆయిలు పూయాలి, లేకుంటే తుప్పు పడుతుంది. క్రాంకు ఆయిలు దారులు కూడా గాలి కొట్టి శుభ్రం చేయాలి. రోడ్డు పక్కన దుమ్ములో ఇంజను బిగించడమంటే కొత్త సామాన్లకు మొదటిరోజే ఆకురాయి పెట్టడం.

తొలి యాభై గంటలు

కొత్తగా కట్టిన ఇంజనును తొలి యాభై గంటలు పచ్చి బాలింతలా చూసుకోవాలి. నిండు లోడు ట్రాలీ, లోతు దుక్కి, దమ్ము పనులు పెట్టొద్దు. అలాగని గంటల తరబడి ఉత్తగా నిలబెట్టి తిప్పినా రింగులు కుదురుకోవు. గొర్రు తోలడం, సగం లోడు లాగడం లాంటి మోస్తరు పని పెట్టాలి. వేడి, ఆయిలు ప్రెషరు చూస్తుండాలి. యాభై గంటలు కాగానే ఆయిలు, ఫిల్టరు మార్చాలి. హెడ్ నట్లు మళ్లీ బిగించాలా వద్దా అనేది మోడలు పుస్తకం ప్రకారం చూసుకోవాలి.

ఎయిర్ క్లీనరే కాపలాదారు

ఇంత ఖర్చు పెట్టాక కూడా ఎయిర్ క్లీనరును పట్టించుకోకపోతే రెండేళ్లకే కథ మొదటికొస్తుంది. పాత ట్రాక్టర్లలో ఆయిలు గిన్నె రకం ఉంటుంది. దుమ్ము పనుల్లో రోజూ గిన్నె తీసి చూడాలి. అడుగున బురద చేరినా, ఆయిలు చిక్కబడినా పారబోసి, కడిగి, గీత వరకే కొత్త ఆయిలు పోయాలి. గీత దాటి పోస్తే ఇంజను ఆయిలును పీల్చుకుంటుంది.

క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా క్లీనరు ఉండీ లేనట్టే. గొట్టం విప్పి లోపల వేలు పెట్టి రాయండి. వేలికి దుమ్ము అంటితే ఎక్కడో సందుంది. క్లిప్పు ఖర్చు ఎంత, బోరు ఖర్చు ఎంత?

బావి ఇంజన్లకూ ఇదే సూత్రం

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక చాలా ఆయిలింజన్లు కొట్టంలో మూలకు చేరాయి. కరెంటు స్తంభం లేని పొలానికి, ఏటి ఒడ్డున నీళ్లు తోడడానికి అవి పనికొస్తాయి. అయిదు హార్స్‌పవరు ఇంజన్లలో పేరున్న కిర్లోస్కర్ ఏవీ1 రకానికి బోరు 80, పిస్టన్ నడక 110 మిల్లీమీటర్లు. ఒక్కటే సిలిండరు కనుక పని తేలిక, ఆరు కొలతలతో సరి. చాలాకాలం నిలిచిన ఇంజనును ఒక్కసారిగా హ్యాండిలు కొట్టి స్టార్టు చేయొద్దు. ఆయిలు మార్చి, డీకంప్రెషన్ లివరు ఎత్తి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూసి అప్పుడు మొదలుపెట్టాలి.

లేతు షాపుకు పోయేముందు

పని వేసవిలో, ఏప్రిల్‌లోనే పెట్టుకోండి. మృగశిర ముంగిట్లో పోతే కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు. విప్పినప్పుడు దగ్గరుండండి. కొలతల కాగితం తీసుకోండి. మార్చిన పాత సామాన్లు తిరిగి అడగండి. పిస్టన్ తల మీద సైజు నెంబరు కొట్టి ఉంటుంది, బిగించే ముందు చూసుకోండి. సామాన్లకు, కూలికి వేరువేరుగా బిల్లు రాయించుకోండి. పాత బండి కొనేవాళ్లయితే ఉదయం చల్లగా ఉన్నప్పుడే పోయి, ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూశాకే స్టార్టు చేయించండి. ముందే వేడి చేసి పెట్టిన ఇంజను జబ్బు బయటపెట్టదు.

మా బావమరిది రెండోసారి వేరే లేతు షాపుకు పోయాడు. అక్కడ కొలిస్తే మూడు సిలిండర్లలో రెండు హద్దు దాటి ఉన్నాయి. మూడింటికీ స్లీవులు, పిస్టన్లు మార్చారు. క్రాంకు మాత్రం కొలతలో బాగుండటంతో ముట్టుకోలేదు, ఆ ఖర్చు మిగిలింది. ఎయిర్ క్లీనరు గొట్టం విప్పితే లోపల ఎర్ర దుమ్ము చారలు కట్టి ఉంది. అసలు దొంగ అక్కడ దొరికాడు. కొలతల కాగితాన్ని ఇప్పటికీ పట్టాదారు పుస్తకంలో మడిచి పెట్టుకున్నాడు. ‘‘భూమి కొలిపిస్తం, వడ్లు కొలిపిస్తం, ఇంజను కొలిపియ్యాల్నని ఎవ్వరు చెప్పలె బావా’’ అన్నాడు. ఆ మాట చెప్పడానికే ఈ వ్యాసం.